కొండకు లైనింగు

ఏప్రిల్ 6

చిట్టీ,

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి "అందింది వదినా" అనకు, నీకు పుణ్యముంటుంది. మా ఫోన్ హాల్లో ఉంది. నేను నీతో మాట్లాడుతుంటే మీ అన్నయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని "అలా కాదు, ఇలా చెప్పు" అని అందిస్తూ ఉంటారు. మొన్న నాకు జ్వరం వచ్చిందని నీతో చెబుతుంటే, అది జ్వరం కాదు, ఒళ్ళు వెచ్చబడటం అని దిద్దారు. ఒళ్ళు నాది, జ్వరం నాది, తప్పు పట్టేది మాత్రం ఆయన. అందుకని ఇక ఉత్తరాలే. జవాబు నా కుట్టుగది పేరు మీద రాయి. పోస్టుమనిషి తిన్నగా ఆ గది గుమ్మంలోకే తెచ్చిస్తాడు.

సంగతేమిటంటే, మా పెరట్లో మట్టిగట్టు. నువ్వొచ్చినప్పుడు చూశావు కదా, ఇంటి వెనక నుంచి ఏటవాలుగా పైకి పోతుంది. దాని కాళ్ళ దగ్గరే నా కుట్టుగది. పోయిన వానల్లో గట్టు కొంత జారి, గది వెనక గోడకి జానెడు దూరంలో ఆగింది. ఈ వానలకి ఆ జానెడు మిగలదు. అడ్డంగా ఒక గోడ కట్టాలి. నడుమెత్తు గోడ చాలు, కోట కట్టమని నేనేం అడగటం లేదు.

ఆ గది నాకేమిటో నీకు తెలుసు, అయినా చెబుతాను. బట్టల కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ నేను కాలర్లే కుట్టాను. పొద్దున వెళ్తే కాలరు, సాయంత్రం దాకా కాలరు. ఒక్క చొక్కా మొదలు నుంచి చివరి దాకా నా చేతుల మీదుగా పోలేదు. ఇప్పుడు ఈ గదిలో మెడ నుంచి అంచు దాకా నేనే కుడుతున్నాను. వేసుకున్నవాళ్ళు అద్దంలో చూసుకుని నవ్వుతుంటే నేను చూస్తున్నాను. గది పోయిందంటే మళ్ళీ కాలర్లే.

తాపీమేస్త్రీని పిలుద్దామంటే మీ అన్నయ్య ఒప్పుకోరు. "నేనుండగా మేస్త్రీ ఎందుకు?" అంటారు. ఉన్నారు, కాదన్నదెవరు? పెరటి మెట్టు మీద ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, తన లైసెన్సు ఆఫీసులో డ్రైవింగ్ పరీక్షకి వచ్చినవాణ్ణి చూసినట్టు ఆ గట్టుని పైనుంచి కిందికి చూస్తారు. తల అడ్డంగా ఊపుతారు. లోపలికి వెళ్ళిపోతారు. అయిపోయింది ఆ రోజుకి గోడ పని. ఈ ఇంట్లో మాకు ముందున్నవాళ్ళు వదిలేసిపోయిన రాళ్ళ గుట్ట మూలన అలాగే ఉంది. నేను తెప్పించిన సిమెంటు బస్తాలు గడ్డ కట్టేలా ఉన్నాయి.

నువ్వు ఆయన చెల్లెలివి. ఆ మనిషిని కదిలించే మంత్రం ఏదైనా ఉంటే నీ దగ్గరే ఉండాలి.

విసిగి వేసారిన
నీ వదిన

*

ఏప్రిల్ 14

వదినా,

ఇది మా పళ్ళ ఆసుపత్రి కౌంటరు వెనక కూర్చుని రాస్తున్నాను. లోపల డాక్టరుగారి మర చప్పుడుకి ఇక్కడ కూర్చున్న ఐదుగురూ కుర్చీ చేతులు పట్టుకుని ఉన్నారు. నాకు నవ్వొస్తోంది. వాళ్ళేమో నేను ధైర్యం చెబుతున్నాననుకుంటున్నారు.

మంత్రం అడిగావు. ఉంది. పేటెంటు నాది.

చిన్నప్పుడు "అన్నయ్యా, ఈ లెక్క చేసిపెట్టవూ" అంటే చేసేవాడా? చచ్చినా చేసేవాడు కాదు. "నీ లెక్క నువ్వే చేసుకోవాలి" అని పాఠం చెప్పేవాడు. అప్పుడు నేనేం చేసేదాన్నంటే, ఆ లెక్కని ఘోరంగా తప్పు చేసి, పలక తీసుకెళ్ళి కావాలని తన ముందు పడేసి, నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి లెక్క పూర్తయి ఉండేది. పక్కనే వాడు చెమటలు తుడుచుకుంటూ "బుర్ర ఉందా నీకు?" అనేవాడు. బుర్ర ఉండబట్టే కదా! నేను గణితంలో గట్టెక్కింది అలాగే.

అన్నయ్య తప్పు చూస్తే ఆగలేడు వదినా. వాడి ఉద్యోగమే అది. మొదలుపెట్టడం వాడి వల్ల కాదు, దిద్దడం మాత్రం ఒళ్ళు తెలీకుండా చేస్తాడు. కాబట్టి నువ్వు గోడ మొదలుపెట్టు. తప్పుగా మొదలుపెట్టు. మెట్టు మీద నిలబడేవాడికి బాగా కనిపించేలా పెట్టు. ఆపైన నువ్వు కాఫీ కలుపుకుంటూ లోపలే ఉండు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన సగం గోడ నేను కట్టినట్టే.

నీ అర్ధమొగుడు

*

ఏప్రిల్ 27

ఓసి నా మాయలమారీ,

పారింది! నీ నోట్లో చక్కెర పోయ!

జారిన మట్టి వెనక్కి ఎత్తిపోసి, పునాది నేనే తవ్వుకున్నాను. దాన్లో తప్పు చెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు, గట్టి నేల తగిలేదాకా తవ్వాను. తర్వాత మొదటి వరస. వంకరగా పెట్టాలి కదా? చేతులు రావే! జీవితమంతా దారం తిన్నగా పోవడానికి చచ్చినదాన్ని, కళ్ళు మూసుకుని ఒక రాయి ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టాను. చూసుకుంటే ఏడుపొచ్చింది. కొంగు దులుపుకుని లోపలికి పోయి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మీ అన్నయ్య మెట్టు మీదికి వచ్చారు. చేతులు వెనక్కి కట్టారు. చేతులు ముందుకి వచ్చాయి. "ఏమే! ఏమిటే ఇది? గోడా, వానపామా?" నేను పలకలేదు. ఆఫీసు ప్యాంటుతోనే దిగిపోయారు. దారం కట్టారు, రాళ్ళన్నీ పీకారు, మళ్ళీ పేర్చారు. తాపీ ఎలా పట్టుకోవాలో నాకు చూపించారు. ఆ రోజు ఆయన ఇస్త్రీ మడతలు ఏమయ్యాయో నేను రాయను.

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒక తప్పు సిద్ధంగా పెడతాను. ఒకరోజు కింది వరస సందు మీదే పై వరస సందు వచ్చేలా రాళ్ళు పేర్చాను. ఇంకోరోజు గోడ గట్టువైపు ఒరగాల్సింది పోయి మనవైపు ఒరిగేలా పెట్టాను. ఆయన రుసరుసలాడుతూ దిద్దుతారు, దిద్దుతూ దిద్దుతూ పక్కన ఇంకో మూరెడు కట్టేస్తారు. మధ్యలో ఆపి "అర్థమైందా?" అంటారు. నేను అమాయకంగా "ఇంకోసారి చూపించండి" అంటాను. దాంతో ఇంకో మూరెడు.

ఒక్క పని మాత్రం నాకు నచ్చినట్టు చేశాను. గోడకీ గట్టుకీ మధ్య కంకర పొయ్యాలి కదా, మట్టి వచ్చి ఆ కంకరలో కూరుకుపోతే లాభమేముంది? పాత ప్లాస్టిక్ నేత సంచులన్నీ విప్పి, మిషన్ మీద రెండేసి కుట్లు వేసి, గోడ పొడుగునా ఒకే గుడ్డగా కుట్టాను. దాన్ని గట్టు మీదకి వేలాడదీసి ఇటు కంకర పోస్తున్నాం. నీళ్ళు దిగుతాయి, మట్టి రాదు. మీ అన్నయ్య చూసి పడీపడీ నవ్వారు. "కొండకి లంగా కుట్టావుటే?" అన్నారు. లంగా కాదు మహాప్రభో, లైనింగు అన్నాను. లైనింగు లేని కోటు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

చేతులు బొబ్బలెక్కాయి. అయినా పడుకుంటే నవ్వొస్తోంది.

నీ వదిన

*

మే 5

వదినా,

నీ ఉత్తరం చదివి కౌంటరు వెనక నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఎదురుగా దవడ వాచిన ఒకావిడ తనని చూసే నవ్వాననుకుని అలిగి వెళ్ళిపోయింది. డాక్టరుగారు నన్ను పిలిచి మాట్లాడారు. నీ గోడ నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉంది.

మా ఆయనకి చదివి వినిపించాను. ప్లంబరు కదా, ఆయన దృష్టిలో లోకంలో కష్టాలన్నిటికీ మూలం నీళ్ళే. "గోడని పడగొట్టేది మట్టి కాదు, వెనక నిలిచే నీళ్ళు. పునాది దాటి నేల మీదికి తేలే వరసలో నీళ్ళు పోయే తూములు వదలమను. లైనింగు ఎంత బాగున్నా దారి లేకపోతే నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అన్నాడు. మరిచిపోకు.

ఆదివారం అన్నయ్యకి ఫోన్ చేశాను. కంగారుపడకు, మన సంగతి ఎత్తలేదు. గోడ గురించి తనే చెప్పుకొచ్చాడు, ఆపితే ఒట్టు. అంత హుషారుగా అన్నయ్య మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేను కూడా బాగా ఎగదోశాను, "అన్నయ్యా, గోడ కట్టడం నీ దగ్గరే నేర్చుకోవాలి" అని. నిన్ను కూడా మెచ్చుకున్నాడు వదినా. రాళ్ళవీ అందిస్తూ నువ్వు కూడా బాగానే సాయం చేస్తున్నావట. సంతోషమే కదా?

నీ అర్ధమొగుడు

*

మే 12

చిట్టికి,

సాయమా? నేనా?

రాళ్ళవీ అందిస్తున్నానా?

నిన్న ఆఫీసులో మీ అన్నయ్య పక్క సీటాయన గోడ చూడటానికి వచ్చాడు. మీ అన్నయ్య ఒక కాలు గోడ మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, మొత్తం కథ చెప్పారు. పునాది ఎంత లోతు తవ్వారో చెప్పారు! ఆ పునాది తవ్వేటప్పుడు ఆయన లోపల పేపరు చదువుతున్నారు. నేను టీ పట్టుకెళ్తే "మా ఆవిడకి రాయీ రప్పా ఏం తెలుసండీ, నేను చూసుకోకపోతే ఈపాటికి వానపామును కట్టేది" అన్నారు. ఆ వచ్చినాయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను? నిజం చెబితే మన మంత్రం బయటపడుతుంది. చెప్పకపోతే నేను దద్దమ్మని. కుడితిలో పడ్డ ఎలకనైపోయాను.

లోపలికొచ్చి కూర్చుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. కాలర్లు కుట్టినప్పుడు కూడా ఇంతే, చొక్కా మీద కంపెనీ పేరుండేది.

సరే, తప్పులు పట్టడంలో అంతటి మొనగాడు కదా? పట్టనీ. నేల మీదికి తేలే వరసకి వచ్చాం. తూములు వదల్లేదు. మీ ఆయన చెప్పింది నాకు శుభ్రంగా గుర్తుంది, కావాలనే వదల్లేదు. ఆయన పక్కనే ఉన్నారు, సందుల్లో సిమెంటు మాలు కూరుతూ పాట కూడా పాడుకున్నారు. కంటికి ఆనలేదు! ఆ వరస దాటి రెండు వరసలు కట్టేశాం. ఆయనంతట ఆయన చూసి "అయ్యో, తూములు మరిచిపోయానే" అనేదాకా నేను నోరు విప్పను. "మరిచిపోయానే" అనాలి. ఆయన నోటితో ఆ ముక్క వినాలి.

నువ్వు ఆయనకి చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు. ఒట్టు వెయ్యి.

వదిన

*

మే 20

వదినా వదినా,

ఒట్టు. మా ఆసుపత్రిలోని కుర్చీ మీద ఒట్టు, అంతకంటే భయంకరమైనది నాకు తెలీదు. అన్నయ్యకి చెప్పను.

కానీ నా మాట విను. నీ కోపం న్యాయమే. ఆ "సాయం" మాట నేను రాయకుండా ఉండాల్సింది, మెచ్చుకున్నాడు కదా అని రాశాను, మట్టిబుర్ర నాది. అన్నయ్య చేసింది కూడా చెంపదెబ్బ తినాల్సిన పనే. అయినా ఆ గోడ వెనక ఉన్నది ఎవరి గది? అన్నయ్యది కాదు కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, మొగుడి మీద కోపం నీ మిషన్ల మీద చూపిస్తావా? వానలు దగ్గరపడుతున్నాయి. పంతానికి పోయి కొంప మీదికి తెచ్చుకోకు.

మా ఆయనకి మాత్రం చెప్పాను. మొగుడికి చెబితే చెప్పినట్టు కాదు. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. "నీళ్ళతో పంతమేమిటి? నీళ్ళకి మొగుడూ పెళ్ళాం తెలీదు" అంటున్నాడు.

ఒక్క మాట. "ఏమండీ, తూములు లేవు." రెండే ముక్కలు వదినా. అనెయ్యి.

నీ చిట్టి

*

మే 29

చిట్టీ,

కార్డు ముక్కే దొరికింది. గోడ పూర్తయింది. నడుమెత్తు, తిన్నగా, చూడముచ్చటగా ఉంది. ఆయన అనలేదు. నేనూ అనలేదు. ఉత్తరం వైపు మబ్బు దిగింది.

వదిన

*

జూన్ 8

చిట్టీ,

నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా నీతో చెప్పుకున్నాను చూడు, అది నా తప్పు. ముందు జరిగింది విను, తర్వాత నీ పని చెబుతాను.

మూడు రోజులు ముసురు. మొదటి రోజు గోడ బాగానే ఉంది. రెండో రోజు దాని నడుం కాస్త ముందుకి వచ్చినట్టనిపించింది. బట్టల మీద గీసే సుద్దతో నేల మీద గీత గీశాను. మూడో రోజు పొద్దున్నకి గోడ ఆ గీత దాటింది. పొట్ట వచ్చేసింది చిట్టీ! గది వెనక గోడ లోపలివైపు చెమ్మ పట్టింది. గుడ్డలన్నీ బల్లల మీదికి ఎక్కించాను. మిషన్ల మీద దుప్పటి కప్పి, వాటి దగ్గర నిలబడి, నన్ను నేను తిట్టుకున్నాను. ఎవరి మీద పంతం? ఎవరి గది? నువ్వు రాసిందే నిజం. అయినా మీ అన్నయ్య ఆఫీసుకి బయల్దేరుతుంటే నోరు పెగల్లేదు. ఆయన కూడా గుమ్మంలో ఆగి, ఏదో అనబోయి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరగడమే ఆలస్యం, గునపం తీసుకుని గది వెనక్కి పరిగెత్తాను. ఇటు చివర కింది వరసలో ఒక చిన్న రాయి చూసుకుని పొడవడం మొదలుపెట్టాను. కాసేపటికి అనుమానమొచ్చింది. నేను ఒక దెబ్బ వేస్తే రెండు వినిపిస్తున్నాయి. ఆగాను. అటు చివర నుంచి ఠంగుమంది. నేనొకటి వేశాను. అటు చప్పుడు ఆగిపోయింది.

వాన జల్లులో అటు చివర ఆనక, గోడ వెంట నడిచి వెళ్ళి చూద్దును కదా, మీ అన్నయ్య! ఆఫీసు బట్టలు, మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకున్న గొడుగు, చేతిలో పక్కింటివాళ్ళ గునపం.

"మీరేంటి ఇక్కడ?" అన్నాను.

"వాన కదా. ఆఫీసులో పరీక్షలు ఆపేశారు."

"ఆపేసి గునపమిచ్చి పంపారా?"

"నువ్వేం చేస్తున్నావు?"

"మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను."

ఆ వానలో, చేతిలో గునపంతో, అంతకన్నా మంచి అబద్ధం నాకు తట్టలేదు. ఆయన నా గునపం వైపు చూశారు. నేను ఆయన గునపం వైపు చూశాను. అప్పుడు గోడ నడుం దగ్గర కీచుమంది.  ఆయన అటు పరిగెత్తారు, నేను ఇటు పరిగెత్తాను. ముందు నా రాయి ఊడింది. నీళ్ళు ఒక్క ఉదుటున తన్నుకొచ్చి నన్ను వెనక్కి పడేశాయి. వెంటనే అటు ఆయన కేక వినిపించింది, ఆయన బూటు ఒకటి కొట్టుకుపోతూ నా ముందు నుంచి పోయింది. ఇద్దరం కలిసి మధ్యలో ఇంకో రెండు కన్నాలు పొడిచాం.

చిట్టీ, వచ్చిన నీళ్ళు తేటగా ఉన్నాయి. గుప్పెడు మట్టి రాలేదు. నా లైనింగు నిలబడింది! గోడ కూడా నిలబడింది. పొట్ట అలాగే ఉంది కానీ ఆ తర్వాత గీత దగ్గర్నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. గదికి ఏమీ కాలేదు. నేను బురదలో కూర్చుని ఏడ్చేశాను. మీ అన్నయ్య పక్కన నిలబడి గొడుగు నా నెత్తిన పట్టుకున్నారు. ఇద్దరం ఎప్పుడో తడిసి ముద్దయ్యాం, ఇక దానికెందుకు గొడుగు?

ఇక నీ పని. తూములు లేవని ఆయనకెవరు చెప్పారు? నువ్వు కాకపోతే మీ ఆయన. "మొగుడికి చెబితే చెప్పినట్టు కాదు" అట! కుర్చీ మీద ఒట్టు అట! ఆయన తనంతట తను చూసి "మరిచిపోయానే" అంటే వినాలనుకున్నాను. ఆ ఒక్క ముచ్చటా తీరకుండా చేశావు.

కోపంగా,
వదిన

*

జూన్ 16

శ్రీమతి వదినగారికి,

మీ నింద అందింది. మా ఆయన ఆ వారమంతా ఎవరి వంటింటి తొట్టి కిందో తల దూర్చి ఉన్నాడు. నేను ఒట్టు తప్పలేదు. ఇక "మీరు" మానేస్తున్నాను, రాయడానికి చెయ్యి నొప్పిగా ఉంది.

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండి, ఆసుపత్రి నుంచే అన్నయ్య ఆఫీసుకి ఫోన్ చేశాను. "తూముల సంగతి నీకెవరు చెప్పారు? వదిన నన్ను అనుమానిస్తోంది" అని కడిగేశాను. ఇప్పుడు రాసేది మా అన్నయ్య అన్న మాటలు, ఒక్క ముక్క నేను కలపలేదు.

"నాకొకళ్ళు చెప్పాలా? సందుల్లో మాలు కూరుతున్నప్పుడే చూశాను" అన్నాడు.

"చూసీ ఊరుకున్నావా?"

"అది అంటుందేమోనని చూశాను. 'ఏమండీ, తూములు వదల్లేదు' అని. చొక్కాలో ఒక్క కుట్టు వంకర పోతే మొత్తం విప్పేసే మనిషే అది. అలాంటిది గోడని వానపాములా పెడుతుందా? మొదటిరోజే తెలిసింది నాకు. ఆ తెలివి నీది. చిన్నప్పుడు లెక్కల పలక దగ్గర నువ్వు వేసిన వేషమే కదా. అప్పుడు కూడా నాకు తెలుసు."

 తెలిసి ఎందుకు దిద్దావురా అని అడిగాను. నేను అన్నయ్యని "రా" అనడం అదే మొదలు.

"పిలిచింది కదే" అన్నాడు. "వంకరగానైనా పిలిచింది. తిన్నగా ఎప్పుడు పిలిచిందని? సిమెంటు బస్తాలు కూడా తనే ఈడ్చుకుంది. జ్వరమొస్తే నీకు ఫోన్‌లో చెబుతుంటే నేను పక్కన కూర్చుని వినాలి, నాతో చెప్పదు. ఇక మొదలుపెట్టడం అంటావా, నాకు భయం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం తప్పులు చూసి ఫెయిల్ చేసేవాణ్ణి. నేను చేసింది నిలబడకపోతే?"

మరి నేనే కట్టానని ఊరంతా ఎందుకు చాటుకున్నావని అడిగాను.  "పుట్టి బుద్ధెరిగాక నా చేత్తో ఒకటి కట్టడం అదే మొదటిసారి. నోరు ఆగలేదు. దానికి కష్టమనిపించిందా?" అన్నాడు. కష్టమనిపించింది, ఏడ్చింది అని చెప్పాను. ఈ ఒక్కటి చెప్పకుండా ఉంటానని నేనెక్కడా ఒట్టు వెయ్యలేదు.

మీ ఇద్దరూ ఇద్దరే. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. మధ్యలో గోడకి పొట్ట వచ్చింది. నా మంత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఇక నువ్వు తిన్నగా పిలిచి చూడు వదినా.

నీ చిట్టి

*

జూలై 2

చిట్టీ,

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకున్నాను. మీ ఆయనకి కూడా చెప్పు. నీ ఉత్తరం మిషను దగ్గర కూర్చుని చదివి, కుట్టాల్సిన చొక్కాకి మూడు చేతులు కత్తిరించాను. ఇన్నేళ్ళూ ఆ మనిషి ఫోన్ దగ్గర తప్పులు పట్టడానికే కూర్చుంటున్నారనుకున్నాను.

వాన తెరిపిచ్చింది. పొట్ట వచ్చిన భాగం విప్పి మళ్ళీ కట్టాలి. తిన్నగా పిలవమన్నావు. పిలవడం అంత తేలికా? పొద్దుట్నుంచి మిషన్‌తో చెప్పి చూసుకున్నాను, గోడతో చెప్పి చూసుకున్నాను. చివరికి ఆయన మెట్టు మీద నిలబడి ఉండగా గబగబా అనేశాను. "ఏమండీ, అది విప్పి కట్టాలి. నా ఒక్కదాని వల్ల కాదు. రండి." చెవులు వేడెక్కాయి నాకు, ఈ వయసులో!

 మీ అన్నయ్య చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చారు. రెండు రోజులు కలిసి కట్టాం. కింద గొట్టం ముక్కలు పెట్టి నాలుగు తూములు వదిలాం. "తూములు నువ్వు మరిచిపోలేదని నాకు తెలుసు" అన్నారు. "మీరూ మరిచిపోలేదని నాకూ తెలుసు" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం నవ్వలేక చచ్చాం.

ఇంతలో ఒక విచిత్రం. పై వరసలో ఆఖరి రాయి ఆయన పెట్టారు. ఎలా పెట్టారనుకున్నావు? ఒక మూల పైకి, ఒక మూల బయటికి. గుడ్డివాడు కూడా అలా పెట్టడు. పెట్టి, చేతులు దులుపుకుని, నావైపు చూడనట్టు నటిస్తూ ఓరగా చూస్తున్నారు. నాకు అర్థమైంది. నేను వేసిన వేషమే నా ముందు వేస్తున్నారు! దిద్దమని పిలవడమన్నమాట. చెయ్యి చాచబోయి ఆపుకున్నాను. "చాలా బాగుంది" అని లోపలికి వెళ్ళి పరదాలు కుట్టుకున్నాను.

ఆయన అవస్థ చూడాలి. గది గుమ్మం ముందు నుంచి అటు వెళ్తారు, ఇటు వస్తారు. "సరిగ్గా చూశావా?" అంటారు. "చూశానండీ, బాగుంది." సాయంత్రం దాకా ఓర్చుకుని, ఇక ఆగలేక లోపలికొచ్చి, "ఆ రాయి వంకరగా ఉందే!" అన్నారు.

"తెలుసు."

"తెలిస్తే చెప్పవేం?"

"మీరు అడుగుతారేమోనని చూశాను."

ఆయన మొహం చూసి జాలేసింది.  "సరే, రా. కాస్త సాయం పట్టు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ మాట ఆయన నోట విన్నాను, చిట్టీ. కత్తెర పడేసి పరిగెత్తాను. అప్పటికే మాలు గట్టిపడిపోయింది. ఇద్దరం లాగాం, ఊపాం, గునపంతో కదిపాం. రాయి చెక్కు చెదరలేదు. అలాగే వదిలేశాం.

నిన్న పక్క సీటాయన మళ్ళీ వచ్చాడు. నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆ రాయి ముందు నిలబడి, "గోడంతా బ్రహ్మాండంగా ఉంది కానీ ఇదేమిటండీ, ఇంత వంకర?" అంటూ నావైపు చూసి నవ్వాడు. నేను టీ గ్లాసు అందించాను.

"గోడ మా ఆవిడ కట్టిందండీ," అన్నారు మీ అన్నయ్య. "ఆ ఒక్క రాయి మాత్రం నేను పెట్టాను."

నీ వదిన